సముద్రానికి పెడమొహం పెట్టిన నది: మాచ్‌ఖండ్, సీలేరు లోయ
(విశాఖపట్నంలో ఉపాధ్యాయులు, విద్యార్థుల సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. మీ చేతికిచ్చిన పటాన్ని ఉత్తరం పైకి వచ్చేలా పట్టుకోండి. కింద కుడివైపున మాడుగుల కొండలు కనిపిస్తున్నాయి కదా. ఆ కొండల నెత్తిన వాన పడిందనుకుందాం. తూర్పు వాలున పడిన నీరు శారదా నదిలోకి దిగుతుంది. అనకాపల్లి చెరకు తోటలు తడుపుకుంటూ నూరు కిలోమీటర్ల పైచిలుకు నడిచి సముద్రంలో కలుస్తుంది. అంతటితో దాని పని అయిపోయింది.

అదే కొండకు అవతలి వాలున పడిన నీటి దారి వేరు. సముద్రం అక్కడికి వంద కిలోమీటర్లు కూడా లేదు. అయినా దానికి పెడమొహం పెట్టి ఉత్తరానికి బయల్దేరుతుంది. పాడేరు పక్కనుంచి, ముంచంగిపుట్టు మీదుగా వెళ్లి, ఒడిశా సరిహద్దు పట్టుకుని నడిచి, డుడుమ దగ్గర ఒక్కసారిగా నైరుతికి తిరుగుతుంది. మల్కన్‌గిరి కొండల సందులో పడి, పేరు మార్చుకుని సీలేరై మళ్లీ మన వైపు వస్తుంది. మోటు దగ్గర శబరిలో, శబరి వెంట కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ తరవాత పాపికొండలు, ధవళేశ్వరం, సముద్రం. వేలు పెట్టి గీసుకుంటూ వెళ్లండి, పెద్ద కొక్కెం ఆకారం వస్తుంది.

ఈ లోయను అర్థం చేసుకోవడానికి జిల్లాల పటం కన్నా ఎత్తుల పట్టిక ఎక్కువ పనికొస్తుంది. ఏ ఊరు ఎన్ని అడుగుల ఎత్తున ఉందో చెబితే అక్కడి పంట, భాష, పోలీసు చరిత్ర, కరెంటు లెక్క సగం చెప్పినట్టే. ఇవాళ నేను చెప్పేదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు కొక్కెం సంగతి చూద్దాం. తూర్పు కనుమలు మన వైపు గోడలా నిలబడి ఉంటాయి. అనంతగిరి ఘాటీలోనో, లంబసింగి ఘాటీలోనో బస్సెక్కినవాళ్లకు తెలుసు, గంటలో మైదానం నుంచి తొమ్మిది వందలు, వెయ్యి మీటర్ల ఎత్తుకు చేరతాం. కానీ పైకెక్కాక అవతల అలాంటి దిగుడు రాదు. పీఠభూమి వస్తుంది. నీటిని విడదీసే గట్టు సముద్రం వైపు అంచునే ఉంది. గట్టు దాటితే నేల లోపలికి, ఉత్తరానికీ పడమరకూ, నెమ్మదిగా వాలుతుంది. ఇంటికప్పు దూలం నడిమధ్యన కాకుండా వీధి వైపు చూరు పక్కనే పెట్టినట్టన్నమాట. వీధి వైపు వాలు పొట్టి, నిట్టనిలువు. పెరటి వైపు వాలు పొడుగు. మాచ్‌ఖండ్ పెరటి వైపు నీరు.

ఆ పెరటి వాలు కూడా సాఫీగా లేదు, మెట్లు మెట్లుగా ఉంది. పాడేరు, అరకు, కోరాపుట్ ఉన్నది మూడు వేల అడుగుల మెట్టు. జయపురం ఉన్నది రెండు వేల అడుగుల మెట్టు. దానికి నైరుతిన మల్కన్‌గిరి పల్లం, అక్కడ నేల ఎత్తు రెండు మూడు వందల మీటర్లకు మించదు. నది మొదటి మెట్టు మీద ఉన్నంతసేపూ వెడల్పు లోయలో, వంకలు తిరుగుతూ, తొందర లేకుండా పోతుంది. మెట్టు అంచు వచ్చిన చోటే డుడుమ జలపాతం. నూటయాభై మీటర్లకు పైన ఒక్క దూకు. దూకాక నది మలుపు లంబకోణానికి దగ్గరగా ఉంటుంది. దానికీ కారణముంది. తూర్పు కనుమల రాతిలో పొరలన్నీ ఈశాన్యం నుంచి నైరుతికి సాగి ఉంటాయి. కర్రను నారవాటున చీలిస్తే తేలిగ్గా చీలుతుంది కదా, నీరూ అంతే. పీఠభూమి మీద అడ్డదిడ్డంగా తిరిగిన నది, అంచు దిగి కోత మొదలెట్టాక, రాతి నారను పట్టుకుని నైరుతికి పోయింది.

ఆ రాయి పేరు ఖోండలైట్. 1902లో టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ కొండల్లో ఉండే ఖోండు జనం పేరే దానికి పెట్టాడు. తాజాగా పగలగొడితే గట్టిరాయే. ఎండకూ వానకూ వేల ఏళ్లు నానితే మాత్రం ఎర్రమట్టి అవుతుంది. కొండ నెత్తి చదునుగా ఉన్న చోట నీరు జారిపోకుండా లోపలికి ఇంకుతూ, మిగతా లవణాలన్నీ కడిగేస్తే మిగిలేదే బాక్సైట్. అనంతగిరి గాలికొండ మీద, చింతపల్లి వైపు జెర్రెల కొండల మీద ఉన్నది అదే. ఆ టోపీలాంటి పొర గుల్లగా ఉంటుంది. వానాకాలం తాగిన నీటిని ఏప్రిల్, మే దాకా ఊటలుగా వదులుతుంది. కొండకింద గెడ్డ ఎండాకాలం పారేది ఆ చలవే. గని తవ్వకం వద్దని ఇక్కడి ఊళ్లు పట్టుబట్టడంలో ఈ నీటి లెక్క పెద్దది. అదే ఎర్రమట్టి ఘాటీ రోడ్లకు శత్రువు. రాయికీ మట్టికీ నడుమ నీరు చేరితే మట్టి పొర చాపలా జారుతుంది. రోడ్డు కోసం వాలును నిలువుగా కోసి, పైన నీరు పోయే కాలువ తీయకుండా వదిలేసిన మలుపుల్లోనే ఏటా కొండచరియలు పడుతుంటాయి.

పేరు గురించి ఒక మాట. పాడేరు వైపు దీన్ని మత్స్యగెడ్డ అంటారు. గెడ్డ అంటే ఏమిటో ఉత్తరాంధ్ర వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతున్నా, కొండవాగు. హుకుంపేట మండలంలో మత్స్యగుండం అని ఒక మడుగుంది. అక్కడి చేపల్ని పట్టరు, అటుకులూ బొరుగులూ వేస్తారు. శివరాత్రికి జాతర. ఇది ఇప్పటి సరదా కథ అనుకోకండి. మాడుగుల దిగువన వడ్డాది ఉంది కదా, మధ్యయుగంలో అక్కడ ఒడ్డవాది రాజులు ఏలారు. వాళ్లు మత్స్య వంశీకులం అని చెప్పుకున్నారు. 1269 నాటి దిబ్బిడ తామ్రశాసనంలో వాళ్ల వంశ కథ ఉంది. మత్స్య అనే నదిలో అప్సరస చేపై ఉందట, నారంగుడనే మునికీ ఆమెకూ పుట్టినవాడే మూలపురుషుడట. కథ సంగతి అలా ఉంచండి. మైదానం అంచున కోట కట్టుకున్న రాజుకు కొండమీది నదితో చుట్టరికం చెప్పుకోవాల్సిన అవసరం వచ్చింది, అది చూడండి. కొండ సరుకూ, కొండ దారీ, కొండ జనం మద్దతూ లేకపోతే వడ్డాదిలో రాజ్యం నిలవదు.

ఆ తరవాతా పద్ధతి అదే. సంస్థానాధీశుడు మైదానంలో ఉంటాడు. కొండ మీద ముఠాలు, అంటే ఊళ్ల సమూహాలు, ఒక్కో ముఠాకు ఒక ముఠాదారు. ముఠాదారు శిస్తు వసూలు చేసి కొంత పైకి పంపుతాడు, కొంత ఉంచుకుంటాడు. కంపెనీవాళ్లు వచ్చాక ఈ అమరిక చెడింది. గొలుగొండ సంస్థానాన్ని 1837లో వేలం వేసి ప్రభుత్వమే కొనేసింది. 1839లో చట్టం చేసి గంజాం, విశాఖ కొండల్ని మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి కలెక్టరును ఏజెంటుగా పెట్టారు. ఏజెన్సీ అన్న మాట అలా వచ్చిందే.

1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో, ఇప్పటి రంపచోడవరంలో, ఫితూరీ, అంటే తిరుగుబాటు, లేచింది. కారణాల్లో ముందు చెప్పాల్సింది కల్లు పన్ను. జనం చిగురుపన్ను అన్నారు. ఈ కొండల్లో జీలుగు, తాడి కల్లు వేసవి నెలల్లో ఆహారంతో సమానం. పోడు గింజ అయిపోయి, కొత్త గింజ రాని రోజులవి. ఆ నెలల్లో గీత మీద పన్ను వేసి, వసూలును గుత్తేదార్లకు వదిలేస్తే ఏమవుతుందో ఊహించండి. మంటలు గొలుగొండ, భద్రాచలం, మల్కన్‌గిరి దాకా పాకాయి. నదీ లోయ ఎటు పోతే తిరుగుబాటు అటు పోయింది. సిపాయిల దారి మైదానం నుంచి ఘాటీ ఎక్కడం. తిరుగుబాటుదార్ల దారి ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు, నది వెంట. సిపాయిలను తుపాకీ కన్నా కొండజ్వరమే ఎక్కువ పడగొట్టింది. అది దోమకాటుతో వచ్చే మలేరియా అని అప్పటికి ఎవరికీ తెలియదు.

1922 నాటి అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు మీకు పాఠంలో ఉంది కాబట్టి తొందరగా వెళ్తాను, ఒక్క రోడ్డు దగ్గర ఆగుతాను. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాటీ రోడ్డు వేయించారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలి సరిగా ఇవ్వకుండా, కొట్టి మరీ పని చేయించాడన్నది అప్పటి ప్రధాన ఫిర్యాదు. అడవి చట్టంతో పోడు పోయింది, రోడ్డు పనికి వెట్టి వచ్చింది. గాం గంటందొర, గాం మల్లుదొర అల్లూరి సీతారామరాజు వెనక నడవడానికి ఈ నేపథ్యముంది. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేశారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. ఘాటీ దారిలో మనుషులు వరసగా నడవాల్సిందే. పైన రాళ్ల చాటున ఉన్నవాడికి కిందివాళ్లు ఒక్కొక్కరుగా కనిపిస్తారు, కిందివాడికి పైన ఆకులే కనిపిస్తాయి. ఎత్తుల పట్టిక అన్నది అందుకే. మలబారు స్పెషల్ పోలీసు, ఆపైన అస్సాం రైఫిల్స్ వచ్చాక, 1924 మే 7న కొయ్యూరులో రాజును కాల్చాక గానీ అది సద్దుమణగలేదు.

(ప్రశ్న: మల్కన్‌గిరి కూడా అప్పుడు మన జిల్లాలోదేనా?)

మంచి ప్రశ్న. అవును. 1936 ఏప్రిల్ 1 దాకా జయపురం సంస్థానం మొత్తం మద్రాసు రాష్ట్రంలో విశాఖ జిల్లా కిందే ఉంది. ఆ రోజున ఒడిశా రాష్ట్రం ఏర్పడి కోరాపుట్ జిల్లా అటు వెళ్లింది. మాచ్‌ఖండ్ కొన్ని పదుల కిలోమీటర్ల మేర సరిహద్దు అయింది. అంతకుముందు నదికి రెండు ఒడ్లూ ఒకే కలెక్టరువి. ఒడ్డున ఉన్న జనానికి గీతతో పని లేదు. సంతకు అటు వెళతారు, పెళ్లికి ఇటు వస్తారు. ఇవాళ్టికీ అంతే.

ఈ లోయ అంచుల్లో వినిపించే భాషలు లెక్కపెట్టండి. బోండాలు మాట్లాడే రెమో, దిదాయిల మాట, గదబల గుతోబ్, ఈ మూడూ ముండా కుటుంబానివి, అంటే సంతాలీకి చుట్టాలు. గదబల్లోనే మరికొందరు మాట్లాడే ఒల్లారి ద్రావిడ భాష, అంటే తెలుగుకు చుట్టం. ఒకే తెగ పేరు కింద రెండు కుటుంబాల భాషలు! కొండదొరల కూబి భాషను భద్రిరాజు కృష్ణమూర్తి గారు అరకు ప్రాంతంలోనే పరిశోధించారు. కువి, పోర్జ, కోయ ఉన్నాయి. వీటన్నిటి నడుమ సంత భాషగా ఆదివాసీ ఒడియా. ఏటవాలు కొండలు జనాన్ని విడిగా ఉంచాయి, వారానికోసారి సంత కలిపింది. అందుకే అన్ని భాషలూ చావకుండా మిగిలాయి.

ఇప్పుడు కరెంటు. బోర్డు మీద ఆరు అంకెలు రాస్తున్నాను, రాసుకోండి. జలాపుట్ పూర్తి నీటిమట్టం 2,750 అడుగులు. డుడుమ దగ్గరి మాచ్‌ఖండ్ మళ్లింపు డ్యాం 2,590. బలిమెల 1,516. ఎగువ సీలేరు విద్యుత్ కేంద్రానికి నీరిచ్చే గుంటవాడ 1,360. డొంకరాయి 1,037. మోతుగూడెం ఫోర్‌బే, అంటే గొట్టాల్లోకి దిగేముందు నీరు నిలిచే తొట్టి, 960. ఒకే నది, ఆరు తొట్లు. మొదటి తొట్టికీ చివరి తొట్టికీ తేడా 1,790 అడుగులు. సముద్రానికి పెడమొహం పెట్టి, మెట్లు దిగి తిరిగి వెళ్లడం వల్లే ఇది సాధ్యమైంది. శారదా నదిలా తూర్పుకు దూకి ఉంటే ఈ నీటిని నిలవేసుకునే లోయా ఉండేది కాదు, మళ్లీ మళ్లీ దించుకునే మెట్లూ ఉండేవి కావు.

లెక్క చూడండి. సెకనుకు ఒక ఘనపు మీటరు నీరు వంద మీటర్లు దిగితే సిద్ధాంతరీత్యా 981 కిలోవాట్లు రావాలి. గొట్టంలో రాపిడి, టర్బైను, జనరేటరు నష్టాలు పోను 850 దాకా చేతికొస్తాయి. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. దాన్ని వంద మీటర్లు దించితే 65 లక్షల యూనిట్లు. గుంటవాడకూ డొంకరాయికీ తేడా 323 అడుగులు, అంటే 98 మీటర్లు. కాబట్టి ఒక టీఎంసీ ఎగువ సీలేరు దాటితే అరవై లక్షల యూనిట్లకు అటూ ఇటూగా వస్తుందని ఎవరైనా కాగితం మీద చెప్పొచ్చు. ఆ నీరు అక్కడ ఖర్చైపోదు. అదే నీరు డొంకరాయి డ్యాం దిగువన, ఆ తరవాత పొల్లూరులో మళ్లీ పని చేస్తుంది. ఎగువ సీలేరు 240 మెగావాట్లు, డొంకరాయి 25, పొల్లూరులోని దిగువ సీలేరు 460.

మాచ్‌ఖండ్ వీటన్నిటికీ పెద్దన్న. నది సరిహద్దు కావడంతో మద్రాసు, ఒడిశా కలిసి తలపెట్టాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం రావడంతో మద్రాసు స్థానంలోకి మనం వచ్చాం. 1955లో మొదలై 1959 నాటికి ఆరు యూనిట్లూ, అంటే ఆరు జనరేటర్లూ, తిరిగాయి. కరెంటులో వాటా మొదట్లో మనకు 70, ఒడిశాకు 30. జలాపుట్‌లో 34 టీఎంసీలు నిలుస్తాయి. అది ఖజానా. డుడుమ దగ్గరిది మళ్లించే డ్యాం మాత్రమే, జలపాతం పడాల్సిన నీటిని పక్కకు తీసి గొట్టాల్లో దించుతారు. విద్యుత్ కేంద్రం లోయ అడుగున ఉంది. కిందికి మనుషులూ సామానూ దిగేది పట్టాల మీద తాడుతో లాగే విన్చ్ బండిలో. రోజూ డ్యూటీకి అందులోనే. తాడు పని ఆగితే వందల మెట్లు.

దీనికి మూల్యం ఎవరు కట్టారు? మూడు వేలకు కాస్త తక్కువ కుటుంబాలు ఊళ్లు వదిలాయి. సగానికి పైగా ఆదివాసులవి. పునరావాసం దక్కింది ఆరొందల కుటుంబాలకు మించి కాదు. మునిగింది ఏ భూమి? పీఠభూమి మీద వరి పండే నేల లోయ అడుగునే ఉంటుంది. గెడ్డ పక్కన మళ్లు కట్టుకున్న పల్లం. జలాశయం ముందు మింగేది దాన్నే. మిగిలేది ఏటవాలు. అంటే పల్లం పోయినవాడు పోడుకు ఎక్కాడు. ఆ పోడు మట్టి మళ్లీ జలాశయంలోకే దిగుతుంది. ఇంజనీర్లు పూడిక గురించి మాట్లాడేటప్పుడు ఈ మొదటి ముడి మరిచిపోతుంటారు.

పోడు గురించి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే అడవి తగలెట్టడం అనుకుంటారు చాలామంది. మాఘ ఫాల్గుణాల్లో నరుకుతారు. మొదళ్లు మోకాలెత్తున వదిలేస్తారు, తిరిగి చిగురించాలి కాబట్టి. విప్ప, చింత, పనస, మామిడి, జీలుగు జోలికి పోరు. రెండు నెలలు ఎండనిచ్చి, చుట్టూ ఆకులు ఊడ్చి గాడి తీస్తారు. వాలు పై అంచున అంటిస్తే మంట మెల్లగా కిందికి దిగుతుంది. కింద అంటిస్తే పరిగెత్తి పక్క అడవి ఎక్కుతుంది. తొలకరికి చోళ్లు (రాగులు), సామలు చల్లుతారు. గునపంతో గుచ్చి కంది, జొన్న వేస్తారు. బూడిద సారం రెండు మూడు పంటలకు సరిపోతుంది. ఆపైన పదీ పన్నెండేళ్లు వదిలేయాలి. ఈ ఆఖరి అడుగే ఇప్పుడు తప్పుతున్నది. భూమి తక్కువై మూడు నాలుగేళ్లకే తిరిగి నరుకుతున్నారు. వేళ్లు పట్టు తప్పి, మొదటి పెద్ద వానకే మట్టి గెడ్డలోకి పోతుంది. దీనికి బదులుగా సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్ల మీదికి మిరియం తీగ పెట్టించారు. చాలా చోట్ల నడిచింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఆ ఓక్ చెట్లే కూలి కింది కాఫీని నలిపేశాయి. చోడి పోతే వచ్చే ఏడు మళ్లీ వేసుకోవచ్చు. నీడ పోతే కొత్త చెట్టు ఎదగడానికి ఏళ్లు పడుతుంది.

బలిమెలకు వస్తాను. 1962 ఒప్పందం ప్రకారం నీరు సగం సగం. ఇందులో విచిత్రం ఉంది. ఒడిశా తన సగాన్ని కొండకు అవతల బలిమెల విద్యుత్ కేంద్రంలో దించి పొట్టేరు ఆయకట్టుకు ఇస్తుంది. మన సగం చిత్రకొండ డ్యాం నుంచి సీలేరులోకి వస్తుంది. చివరికి రెండు వాటాలూ శబరిలోనే కలుస్తాయి. జలాశయం నిండాక 151 ఊళ్లు మూడు వైపుల నీటితో, నాలుగో వైపు మన సరిహద్దు కొండలతో చిక్కుపడిపోయాయి. కటాఫ్ ఏరియా అని కాగితాల్లో పేరు. అప్పట్లో బియ్యానికీ కాన్పుకూ లాంచీయే దారి. 2008 జూన్ 29న గ్రేహౌండ్స్ లాంచీ మీద మావోయిస్టుల దాడి జరిగింది ఈ నీటిలోనే, 38 మంది చనిపోయారు. చుట్టూ కొండ, నడుమ నీరు, నీటి మీద తప్ప దారి లేదు. దామనపల్లి ఘాటీ తిరగేసినట్టుంది. 2018 జూలై 26న గురుప్రియ వంతెన తెరిచారు. 910 మీటర్లు. లాంచీ రోజుల నుంచి ఆ వంతెన దాకా అర శతాబ్దం పట్టింది.

ఇక చివరి మెట్టు. డొంకరాయి నుంచి పవర్ కెనాల్ మోతుగూడెం ఫోర్‌బేకు వెళుతుంది. ఈ కాలువ కొండ నడుముకు చుట్టిన మొలతాడు. పైనుంచి చరియ పడినా, గట్టుకు గండి పడినా పొల్లూరు యూనిట్లన్నీ ఆగుతాయి. అందుకే వానాకాలం గట్టు మీద గస్తీ తప్పదు. పొల్లూరు దాటిన నీరే రబీలో గోదావరి డెల్టాను కాపాడుతుంది. జనవరి తరవాత గోదావరిలో సహజ ప్రవాహం సన్నబడుతుంది. అప్పుడు ధవళేశ్వరం లెక్కల్లో సీలేరు జలాలు అని వేరే వరస ఉంటుంది. అమలాపురంలో రైతు నారుమడికి పెట్టే నీరు పాడేరు కొండ మీద జూలైలో పడిన వాన కావచ్చు.

ఇక్కడ తగువు ఒకటుంది, తేలేది కాదు. జలాశయాన్ని ఆగస్టులోనే నిండుగా ఉంచితే రబీకి ధీమా. కానీ పెద్ద వాన వస్తే చోటు ఉండదు, గేట్లెత్తాలి. ఖాళీగా ఉంచి వాన మొహం చాటేస్తే మార్చిలో డెల్టా నుంచి తిట్లు. గేట్లెత్తే వేళకు కింద గోదావరి ఏ స్థితిలో ఉందన్నది ప్రాణం మీది మాట.

(ప్రశ్న: శబరి వెనక్కి ప్రవహిస్తుందంటారు, నిజమేనా?)

వెనక్కి ఎగదన్నుతుంది, నిజమే. కూనవరం దిగువన గోదావరి పాపికొండల ఇరుకులోకి దూరాలి. గరాటు మూతి చిన్నది, పోసేది ఎక్కువ. నీరు గరాటులో పైకి లేస్తుంది. శబరికి ఆఖరి ముప్పై నలభై కిలోమీటర్లలో వాలు చాలా తక్కువ. గోదావరి లేస్తే శబరి నీటికి దిగే చోటు ఉండదు. చింతూరు దగ్గర రోడ్డు ఎక్కుతుంది. భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. 1986 ఆగస్టులో 75.6, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. ఆ రోజుల్లో చింతూరులో వాన లేకపోయినా ఊరు మునుగుతుంది, ఎందుకంటే వచ్చింది తన నీరు కాదు. భద్రాచలం మట్టం యాభై దాటుతోందంటే చింతూరు, వీఆర్ పురం, కూనవరం వాళ్లు సీలేరు డ్యాం వార్త కోసం ఆగకుండా సామాను సర్దుకోవాలి. అదే వేళకు డొంకరాయి గేట్లు ఎత్తితే ఒకటికి రెండు.

(ప్రశ్న: పిల్లల్ని తీసుకెళ్లాలంటే ఎప్పుడు, ఏ దారిన?)

రెండు విడతలుగా వెళ్లండి, ఒక్క రోజులో కాదు. పాడేరు, ముంచంగిపుట్టు, జలాపుట్, డుడుమ ఒక విడత. నర్సీపట్నం, చింతపల్లి, సీలేరు, డొంకరాయి, మోతుగూడెం, చింతూరు రెండో విడత. అక్టోబరు వానలు తగ్గాక, నవంబరులో వలిసె పూలు విరిసినప్పుడు బాగుంటుంది. చీకటి పడ్డాక ఘాటీ వద్దు, పొగమంచులో మలుపు కనిపించదు. విద్యుత్ కేంద్రాలు చూడాలంటే ముందుగా అనుమతి రాయించుకోండి. డుడుమ మాత్రం వేసవిలో పెట్టుకోకండి. పిల్లలు జలపాతమేదని అడుగుతారు. నల్లటి రాతి గోడ మీద సన్నటి తెల్ల గీత తప్ప ఏమీ ఉండదు. నీరు పక్కన గొట్టంలో ఉంటుంది.